జనన మరణ నమోదు సేవ: పత్రానికి నాలుగు, లెక్కకు రెండు

గడచిన పదకొండు నెలల్లో మా కుటుంబం జనన మరణ నమోదు సేవను మూడుసార్లు వినియోగించుకొంది. మొదటిసారి మా మనుమరాలి పుట్టుకకు, రెండోసారి మా బావగారి మరణానికి, మూడోసారి ఆయన కుమారుడు, అంటే అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు, తన గ్రీన్‌కార్డు దరఖాస్తు కోసం అడిగిన ఒక పాత పత్రానికి. హోటళ్ల మీదా సెల్‌ఫోన్ల మీదా సమీక్షలు రాసేవారికి కొదవ లేదు. ప్రతి మనిషికీ వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి తప్పనిసరిగా అవసరమయ్యే ఈ సేవ ఎలా ఉందో కూర్చొని రాసినవారు మాత్రం నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధించినవాడిని గనుక, పత్రం ఎన్ని రోజులకు చేతికి వచ్చింది అన్న దానితో ఆగకుండా, పత్రం ఇచ్చే క్రమంలో ప్రభుత్వం మన దగ్గర నుంచి తీసుకొనే వివరాలు ఏమవుతున్నాయి అన్నది కూడా చూశాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండో విషయం మీదే ఉంటుంది.

ఆ వివరాలన్నిటికీ కలిపి ఒక పేరుంది: వైటల్ స్టాటిస్టిక్స్. ఈ పాఠం మొదలుపెట్టే రోజున ఆ రెండు మాటలూ నల్లబల్ల మీద రాయగానే వెనక బెంచీల్లో నవ్వులు వినిపించేవి. సినిమా పత్రికలూ అందాల పోటీల వార్తలూ చదివిన పిల్లలకు ఆ మాట అంటే కథానాయిక ఛాతీ, నడుము, తుంటి కొలతలే. నేను నవ్వులు ఆగేదాకా ఉండి, ‘మీరు అనుకొంటున్న అర్థం తరువాత వచ్చింది, నేను చెప్పబోయేది ముందు నుంచీ ఉంది’ అని పాఠంలోకి దిగేవాడిని. వైటల్ అన్న మాటకు ఇక్కడ ‘ముఖ్యమైన’ అని అర్థం కాదు. జీవితాన్ని చెప్పే వీటా అనే లాటిన్ మాట నుంచి వచ్చింది కాబట్టి ‘ప్రాణానికి సంబంధించిన’ అని దాని అర్థం. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని జీవ గణాంకాలు అన్నారు, అది సరిపోతుంది. జనన మరణ గణాంకాలు అంటే ఇంకా తొందరగా అర్థమవుతుంది. ఈ మధ్య యంత్రం చేసే అనువాదాల్లో ‘కీలక గణాంకాలు’ అని కనిపిస్తోంది, అది తప్పు. గణాంకాల్లో కీలకం కానివి ఏవని ఎవరైనా అడిగితే ఆ యంత్రం ఏం చెబుతుందో తెలియదు.

ఐక్యరాజ్యసమితి లెక్కలో ఈ మాట కిందికి సజీవ జననాలు, మరణాలు, గర్భస్థ శిశు మరణాలు, వివాహాలు, విడాకులు, దత్తతలు కూడా వస్తాయి. మన దేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం జననాలను, మరణాలను, మృతశిశు జననాలను మాత్రమే తన పరిధిలోకి తీసుకొంది. వివాహాలకు మన ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వేరే చట్టం వచ్చింది. విడాకులు న్యాయస్థానాల దగ్గరే ఉండిపోతాయి. కాబట్టి మనకున్నది నిజానికి సగం వైటల్ స్టాటిస్టిక్స్.

ఇక కొలతల అర్థం గురించి ఒక్క మాట. బట్టలు కుట్టే పనిలో కొలతలు ఎంత అవసరమో మా ఊరి దర్జీకి తెలుసు, కానీ ఆయన ఎవరినీ ఆ మాటతో అడగడు, ఆది జాకెట్టు తీసుకు రమ్మంటాడు. ఆ కొలతలకు స్టాటిస్టిక్స్ అన్న గౌరవం నిజంగా దక్కవలసిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే: భారతీయుల శరీరాలకు సరిపోయే దుస్తుల సైజుల పట్టిక తయారు చేయడానికి, దుస్తుల రూపకల్పన నేర్పే నిఫ్ట్ సంస్థ చేపట్టిన ఇండియాసైజ్ సర్వే. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని కొలవాలన్నది దాని ప్రణాళిక. ఒక్క మనిషి మూడు కొలతలు గణాంకాలు కావు, అవి కొలతలే. ఆసుపత్రిలో నర్సు వచ్చి ‘వైటల్స్ చూడాలండీ’ అన్నప్పుడు చూసే జ్వరం, నాడి, శ్వాస, రక్తపోటు కూడా అంతే. ఈ మూడు అర్థాలూ ఒకే ఆసుపత్రిలో ఒకే రోజున ఎదురైనా ఆశ్చర్యం లేదు. నాకు మనుమరాలు పుట్టిన రోజున రెండు ఎదురయ్యాయి.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, అక్కడే సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తుంది. పురుటికి పుట్టింటికి రావడం మన ఆచారం కాబట్టి ఏడో నెల దాటాక కోస్తా ఆంధ్రలోని మా పట్టణానికి వచ్చింది, ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయింది. ఇంట్లో పుడితే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రి బాధ్యులు 21 రోజుల్లోగా ఆ సమాచారాన్ని రిజిస్ట్రారుకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆసుపత్రివారు మూడో రోజునే వివరాలు పంపారు. అంతకు వారం తరువాత జనన ధ్రువపత్రం డిజిటల్ రూపంలో వచ్చింది. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం నమోదు పూర్తయిన ఏడు రోజుల్లోగా మొదటి పత్రం ఉచితంగా ఇవ్వాలి. మా విషయంలో ఆ గడువు దాటలేదు, ఎవరూ పైసా అడగలేదు. పాతికేళ్ల కిందట మా అమ్మాయి ధ్రువపత్రం కోసం నేను మునిసిపల్ కార్యాలయం చుట్టూ తిరిగిన రోజులు గుర్తున్నాయి కాబట్టి ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడలేను.

పేరు విషయంలోనూ ఇబ్బంది కలగలేదు. మా ఇంట్లో బారసాల ఇరవై ఒకటో రోజున చేస్తాం. నమోదుకు చట్టం ఇచ్చిన గడువు కూడా ఇరవై ఒక్క రోజులే కావడం కాకతాళీయమే అయినా మనకు అనుకూలమైన కాకతాళీయం. పేరు లేకుండానే జననం నమోదు చేయవచ్చు; పన్నెండు నెలల్లోగా పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తరువాత పదిహేనేళ్ల దాకా కొద్దిపాటి రుసుముతో చేర్పించుకోవచ్చు. మేము బారసాల మర్నాడే చేర్పించాం. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: ఇంటిపేరు ముందు రావాలా వెనక రావాలా, పూర్తిగా రాయాలా పొడి అక్షరంతో సరిపెట్టాలా, ఇంగ్లీషు అక్షరక్రమం తల్లిదండ్రుల ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అన్నది ఇంట్లోనే తేల్చుకొని వెళ్లడం మంచిది. 2023 అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టినవారికి బడిలో చేరిక, ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం వంటి వాటన్నిటికీ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు ఈ పత్రమే ఆధారమవుతుంది. తెలుగువారి ఇంటిపేరు ఒక పత్రంలో ముందూ ఇంకో పత్రంలో వెనకా ఉంటే ఎంత తిప్పలో విదేశాలకు పిల్లల్ని పంపిన ప్రతి ఇంటికీ అనుభవమే.

ఇంతవరకూ నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు పత్రం రెండో భాగంతో మొదలవుతుంది.

జనన నివేదికను ఒకటో ఫారం అంటారు. అందులో రెండు భాగాలుంటాయి. ఎడమవైపు భాగాన్ని చట్టపరమైన సమాచారం అంటారు: తేదీ, ఆడపిల్లా మగపిల్లవాడా, పేరు, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, పుట్టిన చోటు. ధ్రువపత్రంలో అచ్చయ్యేవి ఇవే. కుడివైపు భాగాన్ని గణాంక సమాచారం అంటారు. తల్లి మామూలుగా నివసించే ఊరు, మతం, తల్లిదండ్రుల చదువు, వృత్తి, పెళ్లినాటికి తల్లి వయసు, కాన్పునాటికి తల్లి వయసు, ఈ బిడ్డతో కలిపి ఆమెకు సజీవంగా పుట్టిన పిల్లలెందరు, కాన్పు ఎవరు చేశారు, సహజమా శస్త్రచికిత్సా, బిడ్డ బరువెంత, గర్భం ఎన్ని వారాలు. కాగితాల కాలంలో ఈ భాగాన్ని చింపి గణాంక విభాగానికి పంపేవారు, ఎడమ భాగం రిజిస్ట్రారు దగ్గర ఉండిపోయేది. ఇప్పుడు కంప్యూటరులో నింపుతున్నా విభజన అదే. ధ్రువపత్రం ఎడమ భాగం నుంచి వస్తుంది, వైటల్ స్టాటిస్టిక్స్ కుడి భాగం నుంచి వస్తాయి. మన అవసరం అంతా ఎడమవైపునే తీరిపోతుంది కాబట్టి కుడివైపు ఏం రాశారో ఎవరూ అడగరు.

నేను అడిగాను. ఆసుపత్రి ముందు గదిలో కంప్యూటరు ముందున్న కుర్రవాడు మర్యాదస్థుడు, నా పాత విద్యార్థికి తమ్ముడు కూడా. అడగగానే నింపిన పేజీ చూపించాడు. తల్లి నివసించే ఊరు అన్నచోట మా పట్టణం పేరుంది. తల్లి వృత్తి అన్నచోట గృహిణి అనుంది. పెళ్లినాటి వయసు దగ్గర ఉన్న అంకె మా అమ్మాయిది కాదు, ఎవరిదో నాకు తెలియదు. ‘ఇవి మమ్మల్ని అడగలేదే’ అంటే, ‘సర్టిఫికెట్‌లో రావు మాస్టారూ, ఎవరు చూస్తారండీ’ అన్నాడు. అతడిని తప్పు పట్టలేను, అతడికి ఆ ఉద్యోగంలో చేరిన రోజున ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇది ఎందుకు పట్టించుకోవలసిన తప్పు అంటే, మన నమోదు విధానంలో ఘటన జరిగిన చోటే నమోదు జరగాలి, మనిషి ఊరు ఏదన్నదానితో నిమిత్తం లేదు. పుట్టింటి పురుడు ఆచారం ఉన్న సమాజంలో, అందునా కాన్పులన్నీ పట్టణపు ఆసుపత్రుల్లో జరిగే కాలంలో, ఈ నియమం వల్ల పల్లెల్లో పుట్టుకలే లేనట్టు, పట్టణాల్లో పుట్టుకలు పొంగిపొర్లుతున్నట్టు లెక్క తేలుతుంది. జననాల రేటు అంటే ఏడాదిలో పుట్టినవారి సంఖ్యను ఏడాది నడుమనాటి జనాభాతో భాగించి వెయ్యితో హెచ్చించడం. పై అంకె ఒక ఊరిదీ కింది అంకె ఇంకో ఊరిదీ అయితే వచ్చే రేటుకు అర్థం లేదు. ఈ చిక్కు తెలిసే ఫారం తయారు చేసినవారు ‘తల్లి మామూలుగా నివసించే ఊరు’ అన్న ఒక్క గడి పెట్టారు, కాన్పు జరిగిన చోటు వేరు కావచ్చని దాని పక్కనే రాశారు. మా మనుమరాలి విషయంలో ఆ గడిలో తప్పు పడడం వల్ల తెలంగాణకు చెందవలసిన ఒక జననం ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడింది. ఒక్క పిల్లతో కొంప మునగదు. కానీ అదే ఆసుపత్రిలో అదే కుర్రవాడు పురుటికి వచ్చిన ప్రతి ఆడపడుచునూ మా ఊరి నివాసిగానే నింపుతున్నాడు.

ఇందుకే మన ప్రభుత్వాలు జననాల రేటు, శిశు మరణాల రేటు అని చెప్పేటప్పుడు ఈ నమోదు లెక్కల్ని వాడవు. వాటికి ఆధారం వేరే ఉంది: శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, ఎస్‌ఆర్‌ఎస్. 1960ల్లో ప్రయోగాత్మకంగా మొదలై 1969-70 నాటికి దేశమంతటా విస్తరించిన ఈ విధానంలో, ఎంపిక చేసిన గ్రామాల్లో, పట్టణ భాగాల్లో స్థానికంగా ఉండే ఒక వ్యక్తి, సాధారణంగా అంగన్‌వాడీ కార్యకర్తో ఉపాధ్యాయుడో, జనన మరణాలను ఎప్పటికప్పుడు రాసుకొంటారు. ఆరు నెలలకొకసారి వేరొక అధికారి వచ్చి ఆ పుస్తకం చూడకుండా ఇంటింటికీ తిరిగి మళ్లీ రాస్తారు. రెండు జాబితాలనూ పోల్చి, కలవని వాటిని మరోసారి ఇంటికి వెళ్లి తేల్చుకొంటారు. పురుటికి వేరే ఊరు వెళ్లిన కోడలి కాన్పు కూడా ఆమె మామూలుగా నివసించే ఇంటి లెక్కలోనే పడుతుంది. 2020 సంవత్సరానికి ఈ విధానం చెప్పిన జననాల రేటు వెయ్యి జనాభాకు దేశంలో 19.5, ఆంధ్రప్రదేశ్‌లో 15.7, తెలంగాణలో 16.4. ఏడాది నిండకుండా చనిపోయే పిల్లలు వెయ్యి జననాలకు దేశంలో 28 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21, కేరళలో 6. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక స్త్రీకి పుట్టే పిల్లల సగటు సంఖ్య 1.5. తరం మారితే జనాభా తగ్గుతుందన్న ఆందోళన, 2024లో ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన తొలగించడం, లోక్‌సభ స్థానాల పునర్విభజన మీద దక్షిణాది వాదన, వీటన్నిటి వెనకా ఉన్నది ఆ 1.5 అన్న అంకె. దేశంలో నూటికి తొంభైకి పైగా జననాలు నమోదవుతున్నా, 2019 నివేదిక ప్రకారం అది 92.7 శాతం, ఆ నమోదును పక్కనపెట్టి శాంపుల్ మీద ఆధారపడవలసి రావడం ఈ సేవకు గౌరవం కాదు. నాసిరకం కుడి భాగం దానికి ఒక కారణమని నా అభిప్రాయం.

రెండో అనుభవం మరణానిది. మా బావగారికి 81 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా మధుమేహం, దాని వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చివరి ఆరు నెలలు డయాలసిస్ మీద ఉన్నారు. ఇంటికి తీసుకొచ్చిన నాలుగో రోజు తెల్లవారుజామున పోయారు. పదకొండో రోజు కర్మ ముగిశాక నేను వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడున్న అమ్మాయి వివరాలన్నీ శ్రద్ధగా రాసుకొంది, కూర్చోమంది, మంచినీళ్లు ఇచ్చింది. కారణం దగ్గరకు వచ్చేసరికి ‘గుండెపోటు అని రాసేయమంటారా అండీ, పెద్దవాళ్లు కదా’ అంది.

ఇంట్లో మరణానికి, చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు 4ఎ అనే ఫారంలో కారణం ధ్రువీకరించాలి. ఆసుపత్రిలో మరణానికి నాలుగో ఫారం. అందులో కారణాన్ని మెట్లుమెట్లుగా రాయాలి: ప్రాణం తీసిన తక్షణ కారణం, దానికి దారితీసినది, అన్నిటికీ మూలమైనది; వాటి కింద ఒక్కొక్కటీ ఎంతకాలంగా ఉందో. గుండె ఆగడం, శ్వాస ఆగడం అన్నవి కారణాలుగా రాయకూడదని నిబంధనలు స్పష్టంగా చెబుతాయి, ఎందుకంటే అవి మరణానికి కారణాలు కావు, మరణం జరిగే తీరు. గుండె ఆగకుండా పోయినవారెవరూ లేరు. నేను ఆయనకు వైద్యం చేసిన ఆసుపత్రికి వెళ్లి 4ఎ అడిగాను. వచ్చిన కాగితంలో మొదటి గడిలో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్, అంటే గుండె, శ్వాస ఆగడం అని రాసుంది, మిగిలిన గడులు ఖాళీ. మళ్లీ వెళ్లాను. మూడోసారికి ఒక చిన్న డాక్టరుగారు కేసు షీటు తెప్పించి, మూత్రపిండాల వైఫల్యం, దానికి మూలం మధుమేహం అని సక్రమంగా రాసి ఇచ్చారు. ఈ శ్రమ చేయమని నన్నెవరూ అడగలేదు. ఆస్తి బదిలీకి, పింఛను ఆపడానికి, బ్యాంకు ఖాతాకు కావలసింది మరణ ధ్రువపత్రమే, అందులో కారణం ఉండదు. మరణం గురించి ఇచ్చే పత్రంలో కారణాన్ని బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది. కాబట్టి అక్కడ గుండెపోటు అని ఉన్నా, మధుమేహం అని ఉన్నా మా అక్కయ్యకు తేడా లేదు. తేడా ఉన్నది లెక్కకు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ కొద్దిపాటిలోనూ ఎన్నింటిలో ‘అరెస్ట్’ ఒక్కటే రాసుందో ఊహించుకోవలసిందే.

మరణాల కారణాల పట్టిక నుంచి లోకజ్ఞానం రాబట్టవచ్చని మొదట చూపించినవాడు డాక్టరు కాదు, లండన్‌లో బట్టలు, కుట్టు సామాను అమ్ముకొనే జాన్ గ్రాంట్. అక్కడ పారిష్‌ల వారీగా, అంటే ఒక్కొక్క చర్చి పరిధి వారీగా, అచ్చయ్యే మరణాల చీటీలను పోగుచేసి 1662లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆ చీటీల్లోని కారణాలను శవాలను చూసి వచ్చే ముసలమ్మలు చెప్పేవారు, వాటిని ఎంతవరకు నమ్మాలన్నది గ్రాంట్ ఆ పుస్తకంలోనే చర్చించాడు. 1837లో ఇంగ్లండులో ప్రభుత్వ నమోదు మొదలయ్యాక విలియం ఫార్ అక్కడి కార్యాలయంలో చేరి, ఒకే జబ్బును ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో రాస్తే లెక్క లెక్క కాదని, అందరూ ఒకే పేర్ల జాబితా వాడాలని పట్టుబట్టాడు. మన ఫారంలోని మెట్లకు మూలం ఆ పట్టుదలే. తరగతిలో ఈ కథ చెప్పేటప్పుడు ముసలమ్మల దగ్గర పిల్లలు నవ్వేవారు. ‘గుండెపోటు అని రాసేయమంటారా’ అన్న మాట విన్నాక ఆ ముసలమ్మల మీద నాకు గౌరవం పెరిగింది. వాళ్లు కనీసం ఇంటికి వెళ్లి చూసి చెప్పేవారు.

మరణాల లెక్క ఎంత అవసరమో కోవిడ్ కాలంలో దేశమంతా తెలుసుకొంది. అప్పట్లో దినపత్రికల్లో వచ్చిన రోజువారీ కోవిడ్ మరణాలను నమ్మేవారు నమ్మారు, నమ్మనివారు శ్మశానాల ముందు వరుసలు లెక్కపెట్టారు. ఆ వివాదాన్ని తేల్చగలిగినది ఏదన్నా ఉంటే ఏడాదివారీగా నమోదైన మొత్తం మరణాల సంఖ్యే. 2020లో అది 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో ఇరవై లక్షలకు పైగా పెరుగుదల. అయితే 2021 నివేదిక బయటికి వచ్చింది 2025 మే నెలలో. ధ్రువపత్రం వారంలో ఇవ్వగలిగిన యంత్రాంగం, అవే వివరాలను కూడి మొత్తం చెప్పడానికి మూడేళ్లకు పైగా తీసుకోవడాన్ని నేను సేవాలోపంగానే లెక్కవేస్తాను.

మూడో అనుభవం సరదాగా మొదలైంది. మా మేనల్లుడు కృష్ణా జిల్లాలో ఒక పల్లెలో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద పుట్టాడు. ఎప్పుడు పుట్టాడని అడిగితే మా అక్కయ్య ఇప్పటికీ ‘ఉప్పెన వచ్చిన కార్తీకం పోయి మళ్లీ కార్తీకం రాకముందు, శ్రావణంలో’ అంటుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది కాబట్టి 1978 అని తేలుతుంది, జాతకంలోనూ అదే ఉంది. బడిలో చేర్చినప్పుడు హెడ్‌మాస్టారు వయసు చాలడానికి ఒక ఏడాది ముందుకు జరిపి జూన్ 1 అని వేశారు. మన రాష్ట్రంలో ఆ తరం వారిలో జూన్, జూలై ఒకటో తేదీల్లో పుట్టినవారు అంతమంది ఉండడానికి కారణం గ్రహస్థితి కాదు. అమెరికా వలస కార్యాలయం జనన ధ్రువపత్రమైనా ఇవ్వాలంది, నమోదు కాలేదన్న పత్రమైనా ఇవ్వాలంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 నాటికే జనన మరణాల నమోదుకు చట్టం ఉంది, పల్లెల్లో ఆ పుస్తకం మునసబు చేతిలో ఉండేది. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేదాకా అలాగే సాగింది, ఇప్పుడు పల్లెల్లో ఆ పని పంచాయతీ కార్యదర్శిది. పాత పుస్తకం కోసం పంచాయతీ నుంచి తహశీల్దారు కార్యాలయానికీ, అక్కడి నుంచి మళ్లీ పంచాయతీకీ నాలుగు ప్రయాణాలు చేశాను. చివరకు 1978 పుస్తకం దొరికింది, చెదలు పట్టకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆ శ్రావణంలో ఆ ఊళ్లో నమోదైన పుట్టుకలు మూడు, అందులో మావాడు లేడు. పక్క పేజీలో మా అక్కయ్య అత్తగారి మరణం ఉంది, కారణం గడిలో ‘జ్వరము’ అని. సాగినన్నాళ్లూ ఆ మునసబుగారి పుస్తకంలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదన్నది గమనించాను.

ఇక రెండు దారులు. నమోదు కాలేదని పదో ఫారంలో పత్రం తీసుకొని దానికి తల్లి ప్రమాణపత్రం జతచేయడం ఒకటి. ఏడాది దాటిన జననాన్ని ఇప్పుడు నమోదు చేయించడం రెండోది. 2023 సవరణ తరువాత దానికి జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. రెండోది గట్టి పత్రమే కానీ, జాతకం ఒక తేదీ, బడి ఇంకో తేదీ చెబుతున్నప్పుడు కొత్త నమోదు కొత్త చిక్కు తెస్తుంది. మేము మొదటిదే ఎంచుకొన్నాం. పదో ఫారం ఆరు రోజుల్లో వచ్చింది. పాత పుస్తకాలను ఫొటోలు తీసి భద్రపరిచే పని ఇంకా మొదలుకాని కార్యాలయాల్లో ఎవరికైనా ఇదే అనుభవం ఎదురవుతుంది: మనుషులు సహకరిస్తారు, పుస్తకం ఎక్కడుందన్నది మాత్రం ఎవరి జ్ఞాపకశక్తిమీదో ఆధారపడి ఉంటుంది.

నక్షత్రాలు ఇవ్వక తప్పదంటే, ధ్రువపత్రం ఇచ్చే సేవకు ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి తెలుగు పేర్ల ఇంగ్లీషు అక్షరక్రమం సరిచూసుకొనే అవకాశం ముందే ఇవ్వనందుకు. గణాంకాలు సేకరించే సేవకు రెండు ఇస్తాను, అందులో ఒకటి ఫారం తయారు చేసినవారికి. 2024 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన సీఆర్‌ఎస్ (సివిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, అంటే ఈ నమోదు విధానమే) మొబైల్ యాప్ వల్ల ఇంటి నుంచే నమోదు చేసే వీలు పెరిగింది, కానీ గడి పక్కన ‘ఇది ఎందుకు అడుగుతున్నాం’ అన్న ఒక్క వాక్యం తెలుగులో లేకపోతే ఇంట్లో నింపినా ఆసుపత్రిలో నింపినా ఒకటే.

మా మనుమరాలి వివరాల్లోని తప్పుల్ని దిద్దమని రాసిచ్చాను. ధ్రువపత్రంలో తప్పుంటే దిద్దే పద్ధతి చట్టం పదిహేనో సెక్షన్లో ఉందనీ, గణాంక భాగంలో దిద్దమని ఇంతవరకూ ఎవరూ అడగలేదనీ మునిసిపల్ కార్యాలయంలో చెప్పారు. అర్జీ తీసుకొని ముద్ర వేసి ఇచ్చారు. కిందటి నెలలో మా తమ్ముడి కూతురు బెంగళూరు నుంచి పురుటికి వచ్చింది, అదే ఆసుపత్రి. ఈసారి కుడివైపు గడులన్నిటికీ జవాబులు ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసి, ఉండే ఊరు బెంగళూరు అన్నదాని కింద గీత గీసి, కాన్పయిన రోజునే ఆ కుర్రవాడి చేతిలో పెట్టాను. ఐదు నిమిషాల్లో చూసి నింపేశాడు. ఒక్క చోట ఆగి, ‘బరువు కిలోల్లోనా గ్రాముల్లోనా మాస్టారూ’ అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా ఫారం తనే చదువుకొని, కిలోల్లో వేశాడు.